కాలు తడిసినట్టుంది, చూస్తే పొడిగానే ఉంది

ప్రశ్న: నా వయసు 41. రోజుకి తొమ్మిది పది గంటలు కుర్చీలో కూర్చుని చేసే పని. మూడు నెలల క్రితం బరువైన పెట్టె ఎత్తబోతే నడుం పట్టేసింది, నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గింది. రెండు వారాల తర్వాత కుడి కాల్లో వింత వింతవి మొదలయ్యాయి. పిక్క వెనక నుంచి మడమ దాకా నీళ్ళు జారుతున్నట్టు ఉంటుంది, చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంటుంది. పాదం బయటి అంచు ఐసు పెట్టినట్టు చల్లగా అనిపిస్తుంది, ముట్టుకుంటే మామూలుగానే ఉంటుంది. నడుస్తుంటే చిటికెన వేలి కింద సాక్సు ముడత పడినట్టు ఉంటుంది, సాక్సు వేసుకోకపోయినా సరే. రెండుసార్లు కుడి చెప్పు ఊడిపోతే నాలుగడుగులు వేశాక గానీ తెలియలేదు. రాత్రి పడుకున్నాక పిక్కలో కండ అదురుతూ ఉంటుంది. నడుం నొప్పి మాత్రం అసలు లేదు. ఎమ్మారైలో ఎల్5–ఎస్1 దగ్గర డిస్క్ కుడివైపుకి పొడుచుకొచ్చి ఎస్1 నరాన్ని తాకుతోందని, ఎల్4–ఎల్5 దగ్గర కూడా బల్జ్ (ఉబ్బు) ఉందని వచ్చింది. ఇంట్లోవాళ్ళేమో అంతా టెన్షన్ అంటున్నారు. నేను నెట్‌లో వెతికి ఉన్న భయాన్ని ఇంకా పెంచుకున్నాను. నడుం నొప్పి లేకుండా డిస్క్ ఇలా చేస్తుందా? ఆపరేషన్ చేయించుకోవాలా?

జవాబు: చేస్తుందండీ, శుభ్రంగా చేస్తుంది. మీరు రాసినవన్నీ మళ్ళీ ఒకసారి వరసగా చదువుకోండి: పిక్క వెనక, మడమ, పాదం బయటి అంచు, చిటికెన వేలు. అది ఎస్1 నరం దారి (రిపోర్టుల్లో ఎల్ అంటే నడుం పూసలు, ఎస్ అంటే వాటి కింద ఉండే త్రికాస్థి, అంకె పైనుంచి ఎన్నోదో చెబుతుంది). ఉత్తరం సగంలో ఉండగానే నాకు ఎస్1 అనిపించింది, కిందికొస్తే రిపోర్టులోనూ అదే ఉంది. టెన్షన్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, కాదనను, కానీ ఒక కాల్లోనే, ఒక అంచునే పట్టుకుని, చిటికెన వేలి దగ్గర ఆగిపోవాలన్న క్రమశిక్షణ టెన్షన్‌కి ఉండదు.

నేను ఫిజియోథెరపీ చేసే మనిషిని, సర్జన్‌ని కాను, కాబట్టి నా సలహా ఎప్పుడూ ఆపరేషన్‌కి ఇవతలి ఒడ్డునే నిలబడి ఉంటుంది, ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఇంకోటి, పదేళ్ళ క్రితం ఇదే డిస్క్ నన్నూ పట్టుకుంది. నా ఎడమ మడమలో ఫోను వైబ్రేట్ అయినట్టు ఉండేది, మడమలో ఫోను ఎందుకుంటుంది అని తెలిసినా ప్రతిసారీ ఉలిక్కిపడి టేబుల్ మీదున్న ఫోను చూసుకునేదాన్ని. రోజూ పది మందికి నరాల గురించి చెప్పే నాకే అలా ఉంటే, మీరు కంగారు పడటంలో తప్పేం లేదు.

ముందు ఆ నడుం నొప్పి సంగతి. డిస్క్ జారింది అంటాం గానీ నిజానికి ఏదీ జారదు. డిస్క్ పైనా కిందా వెన్నుపూసలకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టి పట్టీ, లోపల చిక్కటి జెల్ లాంటి పదార్థం. ఆ పట్టీలో చీలిక వచ్చి లోపలిది బయటికి తోసుకొస్తే దాన్నే మనం జారడం అంటున్నాం. నొప్పి తెలిసే నరాలు ఆ పట్టీ బయటి పొరల్లోనే ఉంటాయి, అంటే పొర సాగుతున్నప్పుడూ చీలుతున్నప్పుడూ నడుం అరుస్తుంది. చీలి జెల్ బయటికొచ్చేశాక కొంతమందిలో లోపలి ఒత్తిడి తగ్గి నడుం చల్లబడుతుంది, బయటికొచ్చిన జెల్ పక్కనే ఉన్న నరాన్ని పట్టుకుంటుంది, అక్కడినుంచి కాలి వంతు. పెట్టె ఎత్తిన రోజు, నడుం తగ్గిన నాలుగైదు రోజులు, ఆ తర్వాత రెండు వారాలు – మీ కథ అచ్చం ఆ వరసలోనే నడిచింది. నడుం నొప్పి తగ్గిందని మీరు అనుకున్న రోజే బహుశా అసలు సంగతి మొదలైన రోజు. అదీగాక జెల్ నరాన్ని నొక్కడం ఒక్కటే చేయదు, దానిలోని రసాయనాలు నరానికి వాపు తెప్పిస్తాయి, అందుకే స్కాన్‌లో చిన్నగా కనిపించే డిస్క్ ఒకరిని పడుకోబెట్టేస్తుంది, పెద్దది ఇంకొకరిని ఏమీ చేయదు.

కాలి బాధకి వేరు నడుంలో ఉందంటే నమ్మనిది మీ ఇంట్లోవాళ్ళే కాదు. 1934లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు పగిలిన డిస్కే నరాన్ని నొక్కి ఇదంతా చేస్తోందని కేసులతో సహా రాసేవరకు డాక్టర్లు కూడా సయాటికాని, అంటే నడుం నుంచి కాల్లోకి దిగే ఈ నరం బాధని, చాలావరకు నరానికే వచ్చిన జబ్బుగా చూసేవాళ్ళు.

సరే, నొక్కితే నొప్పి రావాలి గానీ నీళ్ళు ఎందుకు కారతాయి? కాలింగ్ బెల్ అనుకోండి. గేటు దగ్గర స్విచ్, ఇంట్లో గంట, మధ్యలో పొడుగాటి తీగ. దారిలో ఎక్కడో ఆ తీగ ఒరుసుకుపోయి షార్ట్ అయితే ఇంట్లో గంట మోగుతుంది, మీరు వెళ్ళి చూస్తే గేటు దగ్గర ఎవరూ ఉండరు. మీ పాదం గేటు, మెదడు ఇల్లు, తీగ ఒరుసుకున్న చోటు నడుం. మెదడుకి మాత్రం గేటు దగ్గర ఎవరో ఉన్నారనే తెలుస్తుంది, దానికి వేరే దారి లేదు. ఒక్కో నరంలో వేడి మోసేవి, చలి మోసేవి, స్పర్శ మోసేవి, కండని కదిలించేవి అన్నీ కలిసి కట్టలా ఉంటాయి కాబట్టి ఏ పోగు ఒరుసుకుంటే ఆ కబురు వెళ్తుంది. నీళ్ళ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మన చర్మంలో తడిని గుర్తించే ప్రత్యేకమైన ఏర్పాటే లేదు. చల్లదనం, తాకిడి రెండూ కలిసి వస్తే మెదడు తనే లెక్కగట్టుకుని తడి అంటుంది. చలి పోగులూ స్పర్శ పోగులూ ఒకేసారి గోల చేస్తే అది తడిగానే తోస్తుంది మరి. చీమలు పాకడం, మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, కాలు వాచిపోయినట్టు అనిపించడం (కొలిస్తే వాపు ఉండదు), పాదం కింద దూది ఉన్నట్టు ఉండటం, ఇవన్నీ అదే ఇంటి మనుషులు. సాక్సు ముడత కూడా. అక్కడ స్పర్శ కాస్త మందగిస్తే మెదడు ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టి పూరిస్తుంది.

కండ అదరడం గురించి మీరు నెట్‌లో ఏం చదివి ఉంటారో ఊహించగలను. కండలు కరిగిపోయే ఆ పెద్ద జబ్బు పేరు చదివి ఉంటారు, రాత్రి నిద్ర పోయి ఉంటుంది. నరం చిరాకు పడితే అది నడిపించే కండ అదరడం మామూలే, పైగా పిక్క కండ అదరడం ఏ డిస్కూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా చాలా మామూలు. అదురు ఒక్కటే ఉండి కండ సన్నబడటం, బలం తగ్గడం లేకపోతే దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

నా దగ్గరికొచ్చేవాళ్ళు వింత వింతవి చెప్పి భయపడతారు, నాకు భయం వేసేది మాత్రం వాళ్ళు మామూలుగా చెప్పేసి వదిలేసే మాటలకి. ఒకాయన తొడ నుంచి పాదం దాకా రెండు వారాలు నొప్పితో అల్లాడి, ఒక పొద్దున లేచేసరికి నొప్పి మాయమైందని సంతోషంగా చెప్పాడు, ఆ చెప్పడానికి గది లోపలికి నడిచొస్తుంటే పాదం టప్ టప్‌మని నేలకి కొట్టుకుంటోంది, బొటనవేలు పైకి లేవట్లేదు. నొప్పి తగ్గలేదండీ, నరం అరవడం మానేసింది, అంతే. అందుకే వింతగా ఉందా లేదా అని కాకుండా బలం ఎలా ఉంది అని చూసుకోండి. అరిచే నరం బతికి ఉన్న నరం.

మీ కాలికి సంబంధించి చూడాల్సింది ఒక్కటే, మునివేళ్ళ మీద లేవడం. గోడకి రెండు వేళ్ళు ఆనించి, ఎడమ కాలు ఒక్కదాని మీదే నిలబడి, మోకాలు వంచకుండా మడమ పూర్తిగా పైకెత్తి దించండి, అలా పది సార్లు. తర్వాత కుడికాలితో. రెండు కాళ్ళ మీదా కలిపి లేవడం లెక్కలోకి రాదు, మంచి కాలు చెడ్డకాలిని మోసేస్తుంది. పిక్క కండ ఎంత గట్టిదంటే మంచం మీద పడుకోబెట్టి పాదాన్ని చేత్తో నొక్కి చూస్తే సగం బలం పోయినా తెలియదు, డాక్టరుకి కూడా. ఒంటి కాలి మీద మొత్తం ఒంటి బరువు ఎత్తమంటే దొరికిపోతుంది. కుడి మడమ తక్కువ ఎత్తుకి లేస్తున్నా, నాలుగోసారికే వణికి ఆగిపోతున్నా ఎస్1 బలం కొంత తగ్గినట్టు. చెప్పు ఊడిపోయిన సంగతి స్పర్శ మందగించడం వల్ల కావచ్చు, వేళ్ళ పట్టు తగ్గడం వల్ల కావచ్చు, ఇలా చూస్తే గానీ ఏదన్నది తేలదు. ఎల్4–ఎల్5 దగ్గర కూడా బల్జ్ ఉందన్నారు కదా, దాని నరం మామూలుగా ఎల్5, అది చూడాలంటే మడమల మీద నాలుగడుగులు నడవండి, బొటనవేళ్ళు రెండూ ఒకే బలంతో పైకి లేస్తున్నాయా చూడండి. వారానికి రెండుసార్లు చాలు. గంటగంటకీ పరీక్షలు పెట్టుకుంటే కండ అలిసిపోయి మీకు లేని జబ్బు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం నా మాట సరదాగా తీసుకోకండి. కూర్చున్నప్పుడు సీటుకి ఆనే భాగం, అంటే మర్మాంగాల చుట్టూ, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా, మూత్రం వస్తోందో లేదో తెలియకపోయినా, ఎంత ముక్కినా రాకపోయినా, తెలియకుండా చుక్కలు పడుతున్నా, మలం మీద అదుపు తప్పినా, లైంగిక స్పర్శలో కొత్తగా తేడా వచ్చినా, లేదా కాలి బాధ ఒక్కసారిగా రెండు కాళ్ళకీ పాకినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అర్ధరాత్రి అయినా సరే అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. వెన్నుపాము నడుం మొదట్లోనే, ఎల్1–ఎల్2 దగ్గర ముగిసిపోతుంది, దానికింద గుర్రం తోకలా వేలాడే నరాల కట్ట మొత్తం నలిగితే ఇలా అవుతుంది. చాలా అరుదు. కానీ అప్పుడు రోజులు కాదు, గంటలు లెక్క. సిగ్గుపడి ఈ మాటలు చెప్పకుండా ఊరుకున్నవాళ్ళని చూశాను కాబట్టి ఇంత విడమరిచి రాస్తున్నాను. పాదం బలం రోజురోజుకీ తగ్గుతున్నా అదే తొందర. కాలి బాధతో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు కాన్సర్ ఉండటం, పెద్ద దెబ్బ తగలడం లాంటివి ఉన్నా తొందరగా చూపించుకోవాలి.

అన్నీ డిస్క్ మీద తోసేయడం కూడా తప్పే. ఎమ్మారైలో డిస్క్ కనపడగానే కాలికొచ్చిన ప్రతిదానికీ అదే దొంగ అయిపోతుంది. 1994లో నడుం నొప్పి అసలు లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు, అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్ళు 36 శాతమే. అంటే రిపోర్టులో మీ ఎల్4–ఎల్5 బల్జ్ చాలావరకు ఊరికే నిలబడి చూస్తున్న మనిషి కావచ్చు. స్కాన్‌లో కనిపించిన వైపూ, ఏ పూస దగ్గరన్న మట్టమూ, మీ కాలి మీద బాధ నడిచే గీత – మూడూ కలిస్తేనే డిస్క్ మీద నేరం రుజువైనట్టు. మీ విషయంలో కలిశాయి.

కలవకపోతే వేరేచోట వెతకాలి. రెండు పాదాల్లో ఒకేసారి, వేళ్ళ దగ్గర మొదలై సాక్సులా పైకి పాకే తిమ్మిరైతే ముందు షుగరు, బి12 చూపించుకోవాలి, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గుతుంది. కాలు మీద కాలు వేసుకుని గంటలు కూర్చునేవాళ్ళకి మోకాలి బయటివైపు ఎముక దగ్గర నరం నలిగి పాదం పైకి లేవకుండా పోవచ్చు, అక్కడ నడుం ఎమ్మారై తీస్తే ఏదో ఒక డిస్క్ కనపడి అందరూ తప్పుదారి పడతారు. తొడ బయటివైపు మాత్రమే మండుతుంటే బిగుతు బెల్టు, పెరిగిన పొట్ట నొక్కే చిన్న నరం కావచ్చు. కొంత దూరం నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగి ఊరికే నిలబడితే తగ్గిపోతే రక్తప్రసరణ చూడాలి, నిలబడితే తగ్గక కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గితే వయసుతో వెన్ను నాళం ఇరుకైందేమో చూడాలి. ఒకే పిక్క నిజంగా వాచి, వేడిగా, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి, దాన్ని మర్దన మాత్రం చేయించకండి. మీకు చల్లగా అనిపించడమే గానీ ముట్టుకుంటే చల్లగా లేదన్నారు, మంచిదే. నిజంగానే ఒక పాదం చల్లగా, పాలిపోయి ఉంటే అది నరం సంగతి కాదు. చేతులు కూడా మొద్దుబారుతున్నా, కాళ్ళు కర్రల్లా బిగుసుకుని నడక తూలుతున్నా నడుం డిస్క్ దాన్ని చేయలేదు, మెడ దగ్గర చూడాలి. 'నరాల వీక్‌నెస్' అనే ఒక్క మాట కింద ఇవన్నీ కలిపేసి బలం బిళ్ళలు రాసేయడం, మింగేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడేం చేయాలి? ఎక్కువగా కాలానికి వదిలేయాలి, వినడానికి చప్పగా ఉన్నా సరే. చాలామందిలో సయాటికా 6 నుంచి 12 వారాల్లో బాగా దారికొస్తుంది. బయటికొచ్చిన జెల్‌ని ఒంట్లోని రక్షణ కణాలే కొంచెం కొంచెంగా తినేస్తాయి, విచిత్రం ఏంటంటే పూర్తిగా చీల్చుకుని బయటపడ్డ పెద్ద ముక్కలు చిన్న బల్జ్‌ల కంటే ఎక్కువగా కరిగిపోతాయి. మీకు రెండు నెలలు దాటింది, ఇంకా ఉందని నిరాశ పడకండి, ఎందుకంటే తగ్గేటప్పుడు కూడా ఒక వరస ఉంటుంది, మామూలుగా ముందు నొప్పి, తర్వాత బలం, అన్నిటికంటే ఆఖర్న స్పర్శ. నరంలో పోగులు దెబ్బతింటే అవి మళ్ళీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు, నడుం నుంచి చిటికెన వేలి దాకా ఎంత దూరమో మీరే లెక్క వేసుకోండి. నా మడమలో ఫోను ఆగడానికి ఏడాది పైనే పట్టింది. ఇంకో గుర్తు, కాలి కింది భాగంలో ఉన్న బాధ పైకి జరిగి పిరుదు దగ్గరికో నడుం దగ్గరికో వస్తే కంగారు పడకండి, చాలాసార్లు అది మంచి కబురే.

పడుకుని ఉండిపోవద్దు. 1999లో సయాటికా ఉన్న 183 మందిలో సగం మందిని రెండు వారాలు మంచం మీద ఉంచారు, మిగతావాళ్ళని మామూలుగా తిరగమన్నారు, పడుకున్నవాళ్ళకి ఒరిగిందేమీ లేదు. మీరు అసలు తగ్గించాల్సింది ఆ తొమ్మిది పది గంటల కుర్చీ. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి, ఫోను మాట్లాడేటప్పుడు నిలబడండి. రాత్రంతా డిస్క్ నీరు పీల్చుకుని పొద్దున్నే ఉబ్బి ఉంటుంది కాబట్టి లేచిన మొదటి గంటలో నేలమీద వస్తువులకి నడుం వంచడం, ముందుకు వంగి పాదాలు ముట్టుకునే ఆసనాలు వద్దు. నిజానికి కాలు లాగుతోందని ఆ వెనక నరాన్నే పట్టుకుని సాగదీసేవాళ్ళు చాలామంది, దెబ్బ తిన్న తీగని ఇంకా లాగడం అది. నడక మంచిది, కాలి బాధ ఎక్కువ కానంత వరకు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేచే కసరత్తు కొంతమందికి బాగా పనిచేస్తుంది, కాలి బాధ కిందికి జారితే అది మీకు పనికిరాదన్నట్టే, ఆపేయండి. ఎవరైనా నడుం పట్టి 'టక్' మనిపిస్తానంటే, మీ కుడి మడమ లెక్క తేలేవరకు దగ్గరికి రానివ్వకండి.

మొద్దుబారిన పాదానికి వేడి నీళ్ళ కాపడం పెట్టొద్దు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాలిపోయి బొబ్బలొచ్చాక గానీ తెలియక వచ్చినవాళ్ళు ఉన్నారు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి, రాత్రి పాదం అడుగు ఒకసారి చూసుకోండి. కారు నడిపేవాళ్ళైతే మీది కుడి పాదం, బ్రేకు మీద ఎంత నొక్కుతున్నారో తెలియకపోతే కొన్నాళ్ళు స్టీరింగ్ వదిలేయండి.

మందుల గురించి ఒక్క ముక్క, మీ డాక్టరుని కాదని చెప్పడం కాదు. ఇలాంటి నరం బాధకి ప్రీగాబలిన్ చాలా ఎక్కువగా రాస్తారు, కానీ 2017లో సయాటికా ఉన్న రెండొందల పైచిలుకు మంది మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే అది ఎక్కువ పని చేయలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. మీరు అది వాడుతూ మత్తుగా ఉంటే డాక్టరుని అడగండి, చాలా రోజులుగా వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి.

ఇక ఆపరేషన్. 2007లో నెదర్లాండ్స్‌లో 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి తొందరగా ఆపరేషన్, ఇంకో గుంపు ఆగి చూడటం, తట్టుకోలేకపోతే అప్పుడు ఆపరేషన్. చేయించుకున్నవాళ్ళకి కాలి నొప్పి త్వరగా పోయింది, ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆగినవాళ్ళలో కూడా 39 శాతం మంది చివరికి చేయించుకున్నారు, అంటే ఆగడం కూడా సులువేం కాదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే ఆపరేషన్ ప్రధానంగా భరించలేని కాలి నొప్పిని త్వరగా తగ్గించుకోవడానికి, లేదా బలం పోతుంటే నరాన్ని కాపాడుకోవడానికి. మీకు నొప్పి దాదాపు లేదు. తడి, చల్లదనం, సాక్సు ముడత కోసం నడుం కోయించుకుంటే, అవి ఆపరేషన్ తర్వాత కూడా ఆఖర్న పోయేవే, కొన్నిసార్లు కొంచెం మిగిలిపోయేవే, డబ్బూ పోయి మనసూ విరుగుతుంది. మీ స్థానంలో నేనుంటే ఇప్పుడు చేయించుకోను. కుడి మడమ లేవకపోతే మాత్రం ఈ పేరా మొత్తం కొట్టేసి, ఈ వారంలోనే వెన్ను సర్జన్‌ని కలిసి ఆ లెక్క చూపించండి.

గోడ పట్టుకుని ఎన్నిసార్లు లేచారో, ఎడమ ఎన్ని కుడి ఎన్ని, రెండు అంకెలు రాసి పంపండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఆ నీళ్ళు కారడం ఎక్కువవుతుందా లేదా అన్నది కూడా.